పొగగొట్టాల సబ్‌మెరీన్: ఒక గొంతెమ్మ కోరిక

ఇంటర్నెట్‌లో వింత యుద్ధనౌకల జాబితా ఏది తెరిచినా అందులో ఒక బ్రిటిష్ సబ్‌మెరీన్ ఫొటో ఉండి తీరుతుంది. పొడుగాటి నల్లటి ఒళ్ళు, నడుం మీద రెండు పొగగొట్టాలు. నీళ్ళలో మునగాల్సిన దానికి పొగగొట్టాలేమిట్రా అని కింద నలుగురు నవ్వుతారు, ఐదోవాడు తర్వాతి ఫొటోకి వెళ్ళిపోతాడు. నాకు ఆ నవ్వుతోనే పేచీ. ఆ పడవను గీసినవాళ్ళు పిచ్చివాళ్ళు కారు. ఓడలు కట్టడంలో ఆనాటికి వాళ్ళను మించినవాళ్ళు ప్రపంచంలోనే అరుదు. అడిగినదాన్ని అడిగినట్టు కట్టిచ్చారు. తప్పంతా ఆ అడగడంలోనే ఉంది. తొలినాటి సబ్‌మెరీన్లలో చచ్చిపోయినవాళ్ళందరినీ సముద్రమే మింగిందనో, అప్పటి సాంకేతికతే అంతంతమాత్రమనో చెప్పి ఒకే గాటన కట్టేస్తున్నాం. చదువుతున్నకొద్దీ నాకు మాత్రం వేరే సంగతి కనిపిస్తోంది. వాళ్ళలో చాలామందిని మింగింది ఒడ్డున కూర్చున్న పెద్దలు కోరిన గొంతెమ్మ కోరిక.

ఆ పడవల పేరు కే-క్లాస్. మొదటి ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ నౌకాదళానికి ఒక కల ఉండేది. పెద్ద యుద్ధనౌకల దండు 21 నాట్స్ వేగంతో, అంటే గంటకు దాదాపు 39 కిలోమీటర్లతో పోతుంటే సబ్‌మెరీన్లు కూడా దాని పక్కనే పరిగెత్తాలి. శత్రువుల దండు కనపడగానే ముందుకు దూకి, మునిగి, వాళ్ళ వెనకవైపు తేలి టార్పెడోలు వెయ్యాలి. కాగితం మీద భేషైన ఎత్తు. చిక్కల్లా డీజిల్ ఇంజన్‌తోనే. ఆనాటి డీజిల్‌కి అంత దమ్ము లేదు. ఒక్కో పడవకు మూడేసి ఇంజన్లు బిగించి జే-క్లాస్ కట్టి చూశారు. అవి 19 నాట్స్ దగ్గరే ఆగిపోయాయి. అంతకు మించిన వేగం కావాలంటే అప్పటికి ఒక్కటే దారి, ఆవిరి టర్బైన్. ఆవిరికి బాయిలర్ కావాలి, బాయిలర్‌కి మంట కావాలి, మంటకి గాలి కావాలి, పొగ పోవడానికి గొట్టం కావాలి. ఈ నాలుగు మెట్లలో ఎక్కడా పిచ్చితనం లేదు చూడండి. మొదటి మాట ఒప్పుకున్నాక మిగతావన్నీ వాటంతటవే వచ్చేస్తాయి.

ఆగి ఆలోచించినవాళ్ళు అసలు లేకపోలేదు. కే-క్లాస్ నమూనా 1913లోనే గీసి పెట్టుకున్నారు. అయినా వెంటనే కట్టకుండా, ముందు స్వోర్డ్‌ఫిష్ అనే చిన్న ఆవిరి సబ్‌మెరీన్ కట్టి చూద్దాం, అది ఎలా ఉంటుందో దాన్నిబట్టి పోదాం అనుకున్నారు. బుద్ధిమంతులు చేసే పనే. ఇంతలో యుద్ధం వచ్చిపడింది. స్వోర్డ్‌ఫిష్ ఇంకా నీళ్ళ మొహం చూడకముందే, 1915లో, కే-పడవలకు వరసబెట్టి ఆర్డర్లు వెళ్ళిపోయాయి. స్వోర్డ్‌ఫిష్ 1916లో పూర్తయింది. సబ్‌మెరీన్‌గా పనికిరాదని తేలి, మరుసటి ఏడు దాన్ని మామూలు గస్తీ పడవగా మార్చేశారు. కానీ ఈ కబురు అందాల్సిన వేళకు అందలేదు. అప్పటికే కే-పడవలు యార్డుల్లో బారులు తీరి ఉన్నాయి.

విశాఖ ఆర్కే బీచ్‌లో ఒడ్డెక్కించి పెట్టిన ఐఎన్ఎస్ కురుసుర లోపలికి వెళ్ళినవాళ్ళకు ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. 90 మీటర్ల పైచిలుకు పొడవునా గోడకి చెయ్యి ఆనిద్దామంటే జాగా దొరకదు. ఎటు చూసినా గొట్టాలు, చక్రాల వాల్వులు, మీటలు, డయళ్ళు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళాలంటే గుండ్రటి కన్నంలోంచి నడుం వంచి, కాలు ముందు పెట్టి దూరాలి. పిల్లలకు అదో ఆట. పెద్దవాళ్ళకి మోకాలు చిప్ప తగులుతుంది. ఆ చక్రాల్లో చాలావాటి పని, ఎక్కడో ఒక దారిని మూయడమో తెరవడమో. డీజిల్, బ్యాటరీలతో నడిచే మామూలు సబ్‌మెరీన్‌కే అన్ని ఉంటే, కే-పడవకి వీటన్నిటికీ తోడు రెండు పొగగొట్టాలు, బాయిలర్లకి గాలి లాగే నాలుగు వెంటిలేటర్లు. ఒక్కో వెంటిలేటర్ వెడల్పు 37 అంగుళాలు. మనిషి సునాయాసంగా దిగిపోవచ్చు. మునగాలంటే ముందు బాయిలర్ల మంటలు ఆర్పాలి. పొగగొట్టాలను మోటార్లతో మడిచి పడుకోబెట్టాలి. వాటి కన్నాల మీద మూతలు బిగించాలి. వెంటిలేటర్లు మూయాలి. గాలివాన మీదికొచ్చినప్పుడు పాత మండువా ఇంట్లో ఈ గది నుంచి ఆ గదికి కిటికీలు వేసుకుంటూ పరిగెత్తినట్టుంటుంది వ్యవహారం. అన్నీ సవ్యంగా జరిగితే నాలుగైదు నిమిషాలు. శత్రువు విధ్వంసక నౌక మీదికొస్తుంటే నాలుగైదు నిమిషాలు!

దీనికి తోడు కొలతల దగ్గర ఇంకో తిరకాసు. పడవ పొడవు 339 అడుగులు. అది భద్రంగా దిగగల లోతు 200 అడుగులు. ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఇంజనీరు కానివాడికి కూడా ఒళ్ళు జలదరిస్తుంది. ముక్కు కాస్త ఎక్కువగా కిందికి వాలితే చాలు, తోక ఇంకా అలల మీద ఉండగానే ముక్కు ప్రమాదపు లోతు దాటిపోతుంది. 1916 డిసెంబర్‌లో కే-3 ఇంచుమించు ఇదే చేసి చూపించింది. పోర్ట్స్‌మత్ దగ్గర స్టోక్స్ బేలో మునగబోయి, పట్టు తప్పి, 150 అడుగుల లోతున ముక్కు బురదలో గుచ్చుకుంది. తోక నీటిపైకి లేచి ప్రొపెల్లర్లు బయటపడ్డాయి. ఆ సమయానికి లోపల రాజుగారి రెండో కొడుకు ఆల్బర్ట్ ఉన్నాడు. మన పాత రూపాయి బిళ్ళల మీద కిరీటంతో కనిపించే ఆరో జార్జ్ ఈయనే. 20 నిమిషాలు కుస్తీ పట్టాక పడవ ఊడి వచ్చింది. రాజకుమారుడు లోపలుండగా ఇంత జరిగినా పెద్దల మనసులో చిన్న అనుమానం కూడా పుట్టినట్టు లేదు.

నెల తిరిగేసరికి కే-13 వంతు వచ్చింది. 1917 జనవరి 29న స్కాట్లండ్‌లో గ్లాస్గోకి దగ్గర్లోని గేర్‌లాక్ అనే సముద్రపు పాయలో, నౌకాదళానికి అప్పగించే ముందు ఆఖరి పరీక్షలు జరుగుతున్నాయి. లోపల 80 మంది. సిబ్బందితోపాటు దాన్ని కట్టిన ఫెయిర్‌ఫీల్డ్ యార్డు పనివాళ్ళు కూడా ఉన్నారు. అదే యార్డులో తయారవుతున్న కే-14కి కెప్టెన్ కాబోతున్న ఫ్రాన్సిస్ గుడ్‌హార్ట్, ఈ జాతి పడవ తీరు ఎలా ఉంటుందో చూద్దామని ఎక్కాడు. పొద్దున ఒకసారి మునిగి లేచారు. మధ్యాహ్నం మళ్ళీ మునిగారు. వెనకవైపు బాయిలర్, ఇంజన్ గదుల్లోకి నీళ్ళు పొర్లిపడ్డాయి. ఆ భాగంలో ఉన్నవాళ్ళెవరూ బతకలేదు. ముందుభాగంలో ఉన్నవాళ్ళు తలుపులు బిగించుకుని అడుగున కూర్చుండిపోయారు.

తర్వాత పైకి తీసి చూస్తే నాలుగు వెంటిలేటర్లూ బార్లా తెరిచి ఉన్నాయి. అవి ఏ స్థితిలో ఉన్నాయో లోపలికి చూపించే మీట కూడా తెరిచి ఉన్నట్టే చూపిస్తోంది. ఇది చదవగానే చాలామందికి ఆ మీట చూడనివాడి మీద కోపం వస్తుంది. నాకు రాదు. మంటలార్పడం, గొట్టాలు మడవడం, మూతలు బిగించడం, కొత్త పడవ, కొత్త మనుషులు, పక్కన యార్డు పనివాళ్ళు. ఇంత హడావిడిలో ఒక మీట కంట పడకపోవడం మానవమాత్రుడు చేసే పనే. ఏదో ఒకరోజు ఎవరో ఒకరు చూడరన్న లెక్కతోనే యంత్రం కట్టాలి. 37 అంగుళాల కన్నాలు నాలుగు పెట్టి, వాటిని మర్చిపోకు నాయనా అంటే ఎలా?

ఇక లోపలున్నవాళ్ళు చేసిన పని చూడండి. గుడ్‌హార్ట్, కే-13 కెప్టెన్ గాడ్‌ఫ్రీ హెర్బర్ట్ ఇద్దరూ పైనున్న కోనింగ్ టవర్‌లోకి ఎక్కారు. టవర్‌లోకి నీళ్ళు వదులుతారు. లోపలి గాలి ఒత్తిడి బయటి నీటి ఒత్తిడితో సరిసమానమయ్యాక మూత తెరుస్తారు. గుడ్‌హార్ట్ పైకి పోతాడు, హెర్బర్ట్ మూత వేసుకుని తన మనుషుల దగ్గరికి తిరిగి దిగుతాడు. ఇదీ ఒప్పందం. గుడ్‌హార్ట్ నడుముకి సందేశం పెట్టిన డబ్బా ఒకటి కట్టుకున్నాడు. తను బతికి బయటపడకపోయినా డబ్బా తేలుతుందని. మూత తెరుచుకోగానే ఎగదన్నిన గాలి ఇద్దర్నీ విసిరికొట్టింది. గుడ్‌హార్ట్ తల ఇనుముకి కొట్టుకుని అక్కడే పోయాడు. పైకి వచ్చే ఉద్దేశమే లేని హెర్బర్ట్ తేలి ఊపిరి పీల్చుకున్నాడు. అతను చెప్పిన వివరాలతో పైవాళ్ళు లోపలికి గాలిగొట్టం అందించి, ముక్కుని నీటిపైకి ఎత్తి, ఇనుముకి కన్నం కోసి, మునిగిన 57 గంటలకు మిగిలినవాళ్ళను బయటికి తీశారు. 80 మందిలో 32 మంది పోయారు.

పడవని మాత్రం పారెయ్యలేదు. ఎత్తి, బాగుచేసి, కే-22 అని కొత్త పేరు పెట్టి మళ్ళీ పనిలోకి దించారు. ఆ కే-22 సరిగ్గా ఏడాదికి మళ్ళీ కనపడుతుంది.

1918 జనవరి 31 సాయంత్రం. ఎడిన్‌బరా దగ్గర రోసైత్ రేవు నుంచి బ్రిటిష్ దండు ఉత్తర సముద్రంలో విన్యాసాలకు బయల్దేరింది. యుద్ధనౌకలు, బ్యాటిల్ క్రూయిజర్లు, విధ్వంసక నౌకలు, వాటి మధ్యలో రెండు బృందాలుగా తొమ్మిది కే-పడవలు. ముందుబృందానికి ఇథూరియల్ అనే ఓడ, వెనకబృందానికి ఫియర్‌లెస్ అనే ఓడ నాయకత్వం. అంతా ఒకరి వెనక ఒకరుగా మైళ్ళ పొడవున బారు. జర్మన్ సబ్‌మెరీన్ ఎక్కడో పొంచి ఉందన్న అనుమానంతో రేడియో వాడకూడదు. ప్రతి ఓడకీ వెనక ఒక మసక దీపం. దాన్ని చూసుకుంటూ వెనకవాడు నడపాలి. పైగా అక్కడక్కడా మంచు. ఆ చీకట్లో, వేలకొద్దీ టన్నుల ఓడల మధ్య ఎత్తు తక్కువ సబ్‌మెరీన్లు 20 నాట్స్ వేగంతో పోవాలి. ఎందుకంటే అవి దండుతోపాటు పరిగెత్తడానికే పుట్టాయి.

మే ఐలాండ్ అనే చిన్న దీవి దాటుతుండగా ఎదురుగా చిన్న పడవల దీపాలు కనిపించాయి. సముద్రంలో మందుపాతరలు ఏరే ట్రాలర్లు అవి. ఈ దండు వస్తోందని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. వాటిని తప్పించబోతే కే-14 చుక్కాని ఇరుక్కుపోయి పడవ బారులోంచి పక్కకు తిరిగింది. వెనక వస్తున్న కే-22 దాన్ని గుద్దేసింది. గుడ్‌హార్ట్ నడపాల్సిన పడవను, గుడ్‌హార్ట్ చచ్చిపోయిన పడవ వచ్చి గుద్దింది. కథకుడెవరైనా ఇలా కల్పిస్తే మరీ అతి అనేవాళ్ళం.

ఆ తర్వాత అంతా గందరగోళం. వెనక వచ్చిన బ్యాటిల్ క్రూయిజర్ ఇన్‌ఫ్లెక్సిబుల్ కే-22ని తగిలి ముందుకెళ్ళిపోయింది. ముందెక్కడో ఉన్న ఇథూరియల్‌కి కబురందింది. తన పడవలకు సాయం చెయ్యాలని మిగిలినవాటిని వెంటేసుకుని వెనక్కి తిరిగింది, అంటే ఎదురొస్తున్న దండులోకి తిరిగింది. ఫియర్‌లెస్ వచ్చి కే-17ని కొట్టింది. అది పది నిమిషాల్లోపే మునిగింది. వెనకబృందం అటూ ఇటూ తప్పుకోబోయి, కే-6 వెళ్ళి కే-4ని దాదాపు రెండు ముక్కలు చేసింది. కే-7 కూడా దాన్ని తాకింది. కే-4లో ఒక్కరూ మిగల్లేదు. కే-17 సిబ్బంది మాత్రం చాలామంది బతికే నీళ్ళలో దూకారు. వెనక వస్తున్న యుద్ధనౌకలకు కాపలాగా ఉన్న విధ్వంసక నౌకలు, జరిగింది తెలియక, వాళ్ళ మీదుగానే వెళ్ళిపోయాయి. గంటకు పైగా సాగిన ఈ రభసలో 104 మంది చచ్చిపోయారు. ఒక్క జర్మన్ కూడా ఆ దరిదాపుల్లో లేడు. నావికులు దీనికి పెట్టిన వెక్కిరింపు పేరు మే ఐలాండ్ యుద్ధం.

కే-క్లాస్‌లో 18 పడవలు పూర్తయ్యాయి. ఆరు ప్రమాదాల్లో మునిగాయి. శత్రువు చేతిలో పోయింది ఒక్కటీ లేదు. వాటి వల్ల శత్రువుకి జరిగిన నష్టం? కే-7 ఒకసారి జర్మన్ సబ్‌మెరీన్ మీద టార్పెడో వేసింది, గురి తప్పకుండా తగిలింది కూడా. కానీ పేలలేదు. యుద్ధం అయిపోయాక కూడా వదల్లేదు. 1921లో కే-5 విన్యాసాల్లో 57 మందితో మునిగింది. అదే ఏడు కే-15 పోర్ట్స్‌మత్ రేవులో కట్టేసి ఉండగానే మునిగిపోయింది. పగటి ఎండకి హైడ్రాలిక్ నూనె వ్యాకోచించింది, రాత్రి చల్లబడి ఒత్తిడి పడిపోయింది, వాల్వులు వాటంతటవే తెరుచుకున్నాయి. తెరిచి ఉన్న మూతల్లోంచి నీళ్ళు దిగాయి.

ఇక్కడ ఒక వాదన వస్తుంది. నాతో ఈ విషయం మాట్లాడేవాళ్ళందరూ అనేదే. "అది తొలిరోజుల సంగతి కదా, అప్పటి సబ్‌మెరీన్లన్నీ అలాగే ఉండేవి, ప్రయోగాలన్నాక ప్రాణాలు పోతాయి" అని. వినడానికి సబబుగా ఉంటుంది గానీ నిలవదు. అదే బ్రిటిష్ నౌకాదళం దగ్గర, అవే సంవత్సరాల్లో, ఈ-క్లాస్ అనే డీజిల్ సబ్‌మెరీన్లు ఉన్నాయి. కే-పడవలో దాదాపు సగం పొడవు, ఉపరితలం మీద 15 నాట్స్. 1915లో నాస్మిత్ అనే కెప్టెన్ ఈ-11ని డార్డనెల్స్ జలసంధిలోంచి, మందుపాతరల కిందుగా, టర్కీ నడిబొడ్డున ఉన్న మర్మరా సముద్రంలోకి తీసుకెళ్ళి, ఇస్తాంబుల్ రేవు ముందుదాకా పోయి ఓడలు ముంచి, క్షేమంగా తిరిగొచ్చాడు. ఈ-క్లాస్ పడవలు కూడా చాలా పోయాయి, కానీ యుద్ధంలో పోయాయి. సాంకేతికత లేకపోవడం కాదు సమస్య. ఉన్నదాన్ని ఏం చెయ్యమన్నారన్నది సమస్య. ఒంటరిగా, నెమ్మదిగా, దొంగలా దూరమన్నప్పుడు సబ్‌మెరీన్ దూరింది. దండుతో కలిసి కవాతు చెయ్యమన్నప్పుడు చచ్చింది.

నిజంగా తొలిరోజుల ప్రమాదం ఎలా ఉంటుందో చూడాలంటే 1851 ఫిబ్రవరి 1న జర్మనీలోని కీల్ రేవుకి వెళ్ళాలి. డెన్మార్క్ నౌకల దిగ్బంధాన్ని ఛేదించడానికి విల్హెల్మ్ బావర్ అనే బవేరియా సైనికుడు బ్రాంట్‌టావుహర్ అని ఎనిమిది మీటర్ల ఇనుప పడవ కట్టాడు. లోపల మనుషులు చక్రం తొక్కితే నడుస్తుంది. డబ్బు చాలక రేకు పలచన చేశారు. మునగడానికి నీళ్ళు నింపే ట్యాంకులు తీసేసి, ఆ నీటిని నేరుగా కాళ్ళ కింద అడుగులోకే వదిలారు. పడవ కాస్త వెనక్కి ఒరగ్గానే నీళ్ళన్నీ వెనక్కే పరిగెత్తాయి, దాంతో ఇంకా ఒరిగింది, పడవ అడుక్కి జారి రేకులు వంగిపోయాయి. లోపల బావర్, ఇంకో ఇద్దరు. మూత తెరుచుకోదు, పైన నీటి బరువు. బావర్ మిగతా ఇద్దరికీ నచ్చజెప్పి, ఇంకా నీళ్ళు రానివ్వండి, లోపలి గాలి ఒత్తిడి పెరిగి బయటి ఒత్తిడితో సమానం కానివ్వండి అని గంటల తరబడి ఆపాడు. మునిగిపోతున్నవాళ్ళకి ఇంకాస్త మునగమని చెప్పడం ఎంత కష్టమో ఊహించండి. చివరికి మూత తెరుచుకుంది, ముగ్గురూ బతికి తేలారు. 66 ఏళ్ళ తర్వాత గేర్‌లాక్‌లో హెర్బర్ట్, గుడ్‌హార్ట్ నమ్ముకున్నది ఈ లెక్కనే. విశాఖలో సబ్‌మెరీన్ సిబ్బందిని తయారుచేసే ఐఎన్ఎస్ శాతవాహనలో తప్పించుకునే పద్ధతులు నేర్పేటప్పుడు కూడా మూలసూత్రం ఇదే. ఆ పడవను 1887లో పైకి తీశారు. ఇప్పుడు డ్రెస్డెన్ మ్యూజియంలో ఉంది. అలాంటి వైఫల్యాన్ని నేను నెత్తిన పెట్టుకుంటాను. అందులోంచి పనికొచ్చే ముక్క ఒకటి బయటికొచ్చింది, పైగా ఆలోచించినవాడే లోపల కూర్చున్నాడు.

అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షం నడిపిన హన్లీ అనే సబ్‌మెరీన్ గురించి మాత్రం అంత తేలిగ్గా ఏమీ అనలేకపోతున్నాను. 1863 ఆగస్టులో ఒకసారి మునిగి ఐదుగురు పోయారు. అక్టోబర్‌లో రెండోసారి మునిగి, దానికి పేరిచ్చిన హొరేస్ హన్లీతో సహా ఎనిమిది మంది పోయారు. 1864 ఫిబ్రవరి 17 రాత్రి, చార్ల్‌స్టన్ బయట, చేత్తో ఇరుసు తిప్పుకుంటూ వెళ్ళి హౌసటానిక్ అనే ఓడను ముంచింది. యుద్ధంలో ఓడను ముంచిన మొదటి సబ్‌మెరీన్‌గా చరిత్రకెక్కి, అదే రాత్రి తనూ ఎనిమిది మందితో మునిగింది. మొత్తం 21 మంది సొంతవాళ్ళు, అవతలివైపు ఐదుగురు. 2000లో పైకి తీస్తే సిబ్బంది ఎముకలు ఎవరి స్థానంలో వాళ్ళవి దొరికాయి. 2004లో జనసందోహం మధ్య, ఆనాటి యూనిఫాంలు తొడుక్కున్నవాళ్ళు వెంట నడవగా ఖననం చేశారు. ఆ ధైర్యాన్ని కాదనను. కానీ రెండు బృందాల శవాలు తీసిన పడవలోకి మూడో బృందాన్ని ఎక్కించింది కూడా ఒక కోరికే. అది బానిసత్వాన్ని కాపాడుకోవడానికి పుట్టిన ప్రభుత్వపు కోరిక అన్నది ఆ ఊరేగింపుల్లో ఎందుకో మరుగునపడిపోతుంది.

జాబితాల్లో ఎక్కువ వెక్కిరింపు పడేది రష్యా వాళ్ళ గుండ్రటి ఓడ, 1873 నాటి నోవ్‌గరద్. సుమారు 30 మీటర్ల వ్యాసంతో పళ్ళెంలా ఉంటుంది. నా లెక్కలో అది ఈ మొత్తం గుంపులో మర్యాదస్తురాలు. నల్లసముద్రం ఒడ్డున లోతు తక్కువ నదీముఖాల్లో పెద్ద ఫిరంగుల్ని మోసుకుని కాపలా కాయమన్నారు, అదీ ఆరు నాట్స్ వేగంతో. కాసింది. ఫిరంగి పేలిస్తే బొంగరంలా తిరిగిపోయేదన్న కథలో అతిశయోక్తే ఎక్కువ. ఆకారం చూసి నవ్వడం సులువు. ఏం అడిగారో చూస్తే నవ్వు రాదు.

దానికి ఎదురు, చూడ్డానికి ఠీవిగా ఉన్న 'కెప్టెన్' అనే బ్రిటిష్ యుద్ధనౌక. కౌపర్ కోల్స్ అనే అధికారికి తిరిగే ఫిరంగి గోపురాల మీద మోజు. ఓడ ఒళ్ళు నీటికి దగ్గరగా ఉండాలి, గోపురాలు ఉండాలి, వాటితోపాటు నిండు తెరచాపలూ ఉండాలన్నాడు. ప్రభుత్వ ప్రధాన ఇంజనీరు రీడ్ ఇది ఒరిగిపోతుందయ్యా అన్నాడు. పత్రికలు కోల్స్ పక్షం పట్టాయి, పార్లమెంటు ఒత్తిడి తెచ్చింది, ఓడ కట్టారు. నౌకామంత్రి చిల్డర్స్ తన నమ్మకం లోకానికి చూపించడానికి కొడుకుని వేరే ఓడ నుంచి దీనికి మార్పించాడు. 1870 సెప్టెంబర్ 7న స్పెయిన్ తీరం దగ్గర గాలికి తిరగబడింది. దాదాపు 480 మంది పోయారు, వాళ్ళలో కోల్స్ ఉన్నాడు, చిల్డర్స్ కొడుకూ ఉన్నాడు. లండన్ సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో దీని జ్ఞాపకంగా ఇత్తడి ఫలకాలున్నాయి. పార్లమెంటులోనూ ఇతర మార్గాల్లోనూ వ్యక్తమైన ప్రజాభిప్రాయానికి తలొగ్గి, నౌకానిర్మాణ శాఖ అభిప్రాయానికి విరుద్ధంగా ఈ ఓడ కట్టారని వాటి మీద చెక్కించారు. చచ్చినవాళ్ళ స్మారకం మీద ఎందుకు చచ్చారో రాసిపెట్టడం నేను ఇంకెక్కడా చూడలేదు.

కే-పడవల వాళ్ళకి ఆ పాటి మర్యాద కూడా దక్కలేదు. మే ఐలాండ్ మీద విచారణ గప్‌చుప్‌గా జరిగింది. ఇథూరియల్ కమాండర్‌ని కోర్టు మార్షల్ చేసి, రుజువు కాలేదని వదిలేశారు. చుక్కానులు, దీపాలు, ఎవరు ఎప్పుడు ఎటు తిరిగారు, ఇవే ప్రశ్నలు. రాత్రిపూట దండు మధ్యలో సబ్‌మెరీన్లను పరిగెత్తించడమేమిటన్న ప్రశ్నకి బోనులో చోటు లేదు. కాగితాలు దశాబ్దాలపాటు బీరువాల్లో ఉండిపోయాయి. ఆ దీవికి ఎదురుగా ఉన్న ఆన్‌స్ట్రథర్ అనే చేపల రేవులో స్మారకం వెలిసింది 2002లో, 84 ఏళ్ళకి.

ఈలోగా అదే ఒంటికి కొత్త కోరికలు తగిలించారు. కే-క్లాస్ కోసం ఇచ్చిన ఆర్డర్లలో కొన్నిటిని ఎం-క్లాస్‌గా మార్చి, ఎం-1కి పాత యుద్ధనౌకల 12 అంగుళాల ఫిరంగి బిగించారు. నీటిలోంచి గొట్టం మూతి మాత్రం బయటపెట్టి పేల్చవచ్చు. రెండో గుండు దట్టించాలంటే పైకి తేలాల్సిందే. 1925 నవంబర్‌లో మునిగి ఉండగా విదార్ అనే స్వీడిష్ సరుకు ఓడ తగిలి 69 మందితో పోయింది. ఎం-2కి ఫిరంగి తీసేసి, ముందు చిన్న షెడ్డు కట్టి, రెక్కలు మడిచే బుల్లి సీప్లేన్ పెట్టారు. తేలగానే తలుపు తీసి విమానాన్ని ఎగరేయాలి, ఎంత తొందరగా ఎగరేస్తే అంత గొప్ప. 1932 జనవరి 26న పోర్ట్‌లాండ్ దగ్గర 60 మందితో మునిగింది. గజ ఈతగాళ్ళు దిగి చూస్తే షెడ్డు తలుపు తెరిచి ఉంది. మళ్ళీ తలుపే.

ఇంకో వాదన ఉంది, ఇది కాస్త బరువైనది. దండుతో పరిగెత్తే సబ్‌మెరీన్ అన్న కోరిక తప్పు కాదు, 40 ఏళ్ళు ముందొచ్చిందంతే అని. నిజమే, 1955లో అమెరికా వాళ్ళ నాటిలస్ అనే సబ్‌మెరీన్ అణుశక్తితో బయల్దేరినప్పుడు దాని కడుపులో ఉన్నది ఆవిరి టర్బైనే. విశాఖలో కట్టి 2009లో నీటిలోకి దించిన ఐఎన్ఎస్ అరిహంత్ నడిచేదీ ఆవిరితోనే. కానీ రియాక్టర్ వేడికి గాలి అక్కర్లేదు, పొగ లేదు, ఆర్పాల్సిన మంట లేదు. 1915లో అడిగినవాళ్ళకి అది లేదు, ఎప్పుడొస్తుందో తెలియదు. ముందుచూపు అనేది లేని వస్తువు ఉన్నట్టు ఆర్డరివ్వడం కాదు. వాళ్ళకి అందుబాటులో ఉన్న ముందుచూపు స్వోర్డ్‌ఫిష్ పూర్తయ్యేదాకా ఆగడం. దానికి కావాల్సింది ఒక ఏడాది.

చివరి పడవ కే-26, యుద్ధం ముగిసి ఇన్ని చావులు చూశాక, 1923లో తయారైంది. కొన్ని లోపాలు సరిచేశారు, పొగగొట్టాలు మాత్రం అలాగే ఉన్నాయి. 1931లో మాల్టాలో దాన్ని ముక్కలుగా అమ్మేశారు. కారణం మే ఐలాండ్ కాదు, గేర్‌లాక్ కాదు. అంతకు ముందు ఏడు లండన్‌లో కుదిరిన నౌకా ఒప్పందం సబ్‌మెరీన్ బరువు 2,000 టన్నులు మించకూడదంది, ఇది మించింది. మరుసటి ఏడు థేమ్స్ అనే కొత్త డీజిల్ సబ్‌మెరీన్ సిద్ధమైంది, 22 నాట్స్ వేగంతో, మళ్ళీ దండు వెంట పరిగెత్తడానికే. చాలా కట్టాలనుకుని మూడుతో ఆపేశారు. ఈలోగా కొత్తగా గీస్తున్న యుద్ధనౌకల వేగం 28 నాట్స్ దాకా పోయింది.